‘ఎందుకు రాశారు?’ కార్డుల పెట్టె: నాలుగు, ఐదు తరగతులలో వాడి చూసిన తరువాత

చదవడం వచ్చిన పిల్లలకు, తాము చదువుతున్నదానిని రాసినవారి ఉద్దేశమేమిటో గుర్తించడం నేర్పడానికి తెలుగులో విడిగా తయారైన సామగ్రి నాకు తెలిసినంతవరకు చాలా తక్కువ. అందువల్ల రాజమహేంద్రవరంలోని ఒక పుస్తకాల దుకాణంలో ‘ఎందుకు రాశారు?’ అన్న పేరుతో ఈ కార్డుల పెట్టె కనబడినప్పుడు మూత తెరిచి నాలుగు కార్డులు తిరగేసి, బేరమాడకుండా కొన్నాను. కోనసీమలో గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక గ్రామపు ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో విద్యాసంవత్సరంలో సగానికి పైగా దీనిని వాడాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. కార్డులు చాలా మంచివి, వాటితోపాటు ఇచ్చిన జవాబుల పుస్తకం మాత్రం ఆ కార్డుల స్థాయికి తగినది కాదు. పెట్టె కొనదగినదే, అయితే తయారుచేసినవారు చెప్పినట్టే వాడితే దాని విలువలో సగం పోతుంది.

ధర 450 రూపాయలు. లోపల అరవై కార్డులు, మూడు రంగుల అట్ట తొట్లు, చెరిపివేయగల రెండు మార్కర్లు, ఉపాధ్యాయులకు ఒక కరదీపిక, ఒక జవాబుల పుస్తకం ఉన్నాయి. ప్రతి కార్డుకూ ఒకవైపు చిన్న రచన ఉంటుంది. అది కథ కావచ్చు, కరపత్రం కావచ్చు, డబ్బా మీద అతికించే చీటీ కావచ్చు, రేవులో గోడమీది సూచన కావచ్చు. రెండోవైపు నాలుగు ప్రశ్నలు ఉంటాయి. దీనిని ఎవరు రాసి ఉంటారు, ఎవరి కోసం రాశారు, ఎందుకు రాశారు అన్నవి మొదటి మూడు. ఏ మాటలను బట్టి అలా అనుకుంటున్నావో వాటి కింద గీత గీయమన్నది నాలుగోది. గీత గీశాక పిల్లలు ఆ కార్డును ‘తెలియజేయడానికి’, ‘ఒప్పించడానికి’, ‘ఆనందింపజేయడానికి’ అని పేర్లున్న మూడు తొట్లలో ఏదో ఒకదానిలో వేయాలి.

పెట్టె అంతటిలోనూ నాకు అత్యంత విలువైనదిగా తోచినది ఆ నాలుగో ప్రశ్న. మన తరగతి గదులలో రచయిత ఉద్దేశం అన్నది పిల్లలు కనిపెట్టే విషయంగా కాక, ముందే ముద్రించి ఇచ్చే విషయంగా ఉంటూ వచ్చింది. ఉన్నత పాఠశాల తెలుగు వాచకాలలో పాఠం మొదలుకాకముందే ‘పాఠం ఉద్దేశం’ అన్న శీర్షిక కింద రెండు మూడు వాక్యాలు ఉండడం అందరికీ తెలిసినదే. పిల్లలు ఆ వాక్యాలను కంఠస్థం చేసి పరీక్షలో రాస్తారు, మార్కులు వస్తాయి, కాని ముద్రిత ఉద్దేశం లేని కాగితం ఏదైనా చేతికి వచ్చినప్పుడు అది తమను ఏం చేయమంటున్నదో వారికి తోచదు. ప్రాథమిక స్థాయిలోనేమో ధ్యాసంతా ధారాళంగా చదివించడం మీదనే ఉంది. 2021 జూలై 5న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వపు నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవగలగాలని లక్ష్యం పెట్టింది. అది అవసరమే. అయితే ఆ అరవై పదాలూ చదివిన పిల్లవాడిని వాటిని రాసినవాడి గురించి అడిగే పని తరువాతి తరగతులకు మిగిలి ఉంది. ఈ పెట్టె ఆ ఖాళీలోకి వచ్చిన వస్తువు.

కార్డులు రాసినవారు డెల్టాను బాగా ఎరిగినవారని మొదటి పది కార్డులలోనే అర్థమవుతుంది. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయన్న సంగతి మా లంకల పిల్లలకు ఎక్కాలకన్నా ముందే తెలుసు. ఒక కార్డు మీద ఆ హెచ్చరిక నమూనా ఉంది. పై మూడు వాక్యాలలో అడుగులు, క్యూసెక్కులు మాత్రమే ఉంటాయి. చివరి వాక్యం పశువులను మెరక ప్రాంతానికి తరలించాలని, పడవ ప్రయాణాలు మానుకోవాలని చెబుతుంది. పిల్లలు మొదట దీనిని ‘తెలియజేయడానికి’ అన్న తొట్టిలో వేశారు. నాలుగో ప్రశ్న వచ్చేసరికి ఒక పిల్ల ‘తరలించాలి’, ‘మానుకోవాలి’ అన్న మాటల కింద గీతలు గీసి, అంకెలన్నీ ఈ మాటల కోసమే చెప్పారని అన్నది. రచన ముందు భాగానికీ వెనుక భాగానికీ ఉన్న ఈ సంబంధాన్ని నాలుగో తరగతి పిల్ల తనంతట తాను పట్టుకోవడం అరుదు, ఇక్కడ ఆ గీత గీయమన్న చిన్న నిబంధన దానిని సాధ్యం చేసింది.

జంట కార్డులు ఈ పెట్టెకు ప్రాణం. ఒకే విషయం మీద ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినట్టున్న రెండు కార్డులను కలిపి ఇస్తారు. వాటిలో కొబ్బరి తోటలలో వచ్చే సర్పిలాకార తెల్లదోమ గురించిన జంటను ప్రత్యేకంగా చెప్పాలి. ఆకు అడుగుభాగాన తెల్లటి వలయాలు, కింది ఆకుల మీద కారే జిగురు, దానిమీద పెరిగే నల్లటి మసి కోనసీమలో ప్రతి ఇంటి పెరట్లోనూ పిల్లలు చూసినవే. మొదటి కార్డు అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వంటి సంస్థ ఇచ్చే సలహాపత్రం తరహాలో ఉంది. పురుగును గుర్తించే విధానం, దానిని తినే మిత్రపురుగులను కాపాడుకోవడం, దానికి తెగులు కలిగించే శిలీంధ్రాన్ని పిచికారీ చేయడం, విచక్షణ లేకుండా రసాయన మందులు కొట్టకపోవడం అందులో వరుసగా ఉన్నాయి. రెండవది పురుగుమందుల దుకాణం వారు పంచే కరపత్రం. దానిలోనూ పురుగు వర్ణన ఉంది, ఆ వర్ణన తప్పు కాదు, పైగా మొదటిదానికన్నా స్పష్టంగా ఉంది. తరువాత నష్టం ఎంత భయంకరంగా ఉంటుందో చెప్పి, ఒకే మందుతో తోట మళ్లీ పచ్చబడుతుందని హామీ ఇచ్చి, నిల్వ ఉన్నంతవరకే తగ్గింపు ధర అని ముగిస్తుంది.

వాస్తవాలు ఉన్న రచన తెలియజేయడానికి, అభిప్రాయాలు ఉన్న రచన ఒప్పించడానికి అని ఒక సూత్రం చాలామంది ఉపాధ్యాయులం చెబుతూ ఉంటాము. ఈ జంట ఆ సూత్రాన్ని ఒక్క పీరియడులో పడగొడుతుంది. రెండు కార్డులలోనూ వాస్తవాలు ఉన్నాయి, రెండూ రైతును ఏదో ఒకటి చేయమంటున్నాయి. అయితే ఒకదానిలో ఉండి మరొకదానిలో లేనిదేమిటని కరదీపిక అడగమంటుంది, ఆ ప్రశ్న చాలా గొప్పది. దుకాణం కరపత్రంలో మిత్రపురుగుల మాటే లేదని ఐదో తరగతి పిల్లలు కనిపెట్టారు. సలహాపత్రంలో ఏ కంపెనీ పేరూ లేదని మరొకరు కనిపెట్టారు. రాసినవారి ఉద్దేశం వారు రాసినదానిలోనే కాక, వదిలివేసినదానిలో కూడా తెలుస్తుందని పదేళ్ల పిల్లలకు ఉపన్యాసం లేకుండా బోధించగల సామగ్రిని నేను ఇంతకుముందు చూడలేదు.

పూతరేకుల కార్డు కూడా ఇదే దారిలో నడుస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటినుంచి అట్టపెట్టెల మీద రాతలు కూడా ఘనంగా పెరిగాయి కనుక పిల్లలకు ఉదాహరణలకు కొదవ లేదు. కార్డుకు పైభాగంలో డబ్బా ముందువైపు రాత, కిందిభాగంలో వెనుకవైపు రాత ఉన్నాయి. ముందువైపు నోట్లో వేసుకోగానే కరిగిపోతుందని, కమ్మని నేతితో చేశామని ఉంటుంది. వెనుక పదార్థాల జాబితా ఉంటుంది. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్న నిబంధనను కరదీపిక ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసింది. పిల్లలు ఆ వరుసలో నెయ్యి ఎక్కడుందో వెతికి, ముందువైపు రాసిన మనిషి, వెనుకవైపు రాసిన మనిషి ఒకరే అయినా ఒకచోట మనసుకు నచ్చింది రాశాడనీ, మరొకచోట చట్టం అడిగింది రాశాడనీ తేల్చారు. ఆ వారం మా బడికి వచ్చిన బిస్కెట్ పొట్లాలు, కొబ్బరినూనె డబ్బాలు, షాంపూ చీటీలు అన్నీ వెనక్కు తిప్పి చదవబడ్డాయి. ఇంట్లో ఏది కొన్నా వెనుక చదివిస్తున్నాడని ఒక తల్లి నా దగ్గర మెచ్చుకోలుగానో ఫిర్యాదుగానో చెప్పింది.

ఇక పులస కార్డు. సముద్రంలో ఉన్నప్పుడు విలస అనిపించుకునే చేప వరద కాలంలో గోదావరికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు పులస అవుతుందన్న సమాచారం ఒక కార్డు మీద ఉంది, అది సాధారణమైన కార్డు. దాని జంట కార్డు మీద ‘పుస్తెలమ్మి అయినా పులస తినాలి’ అన్న సామెత ఒక్కటే ఉంది, మరేమీ లేదు. ఎవరు రాశారన్న మొదటి ప్రశ్న దగ్గరే పిల్లలు ఆగిపోయారు. సామెతను ఎవరు రాస్తారు? కరదీపిక ఈ కార్డు గురించి ఏమీ చెప్పలేదు. బహుశా నింపడానికి వేసిన కార్డేమో తెలియదు గాని, నా తరగతిలో ఎక్కువసేపు మాట్లాడించినది ఇదే. “రేవులో చేపలమ్మే ఆవిడ అంటే కొనమని అండి. మా మామ్మ అంటే మా తాతయ్యను వెక్కిరించడానికండి మాస్టారూ” అని ఒక పిల్లవాడు అన్నాడు. అదే సామెత హోటలు బోర్డు మీద ఉంటే ఏమిటి, పత్రికలో ధరల గురించిన వార్తకు శీర్షికగా ఉంటే ఏమిటి, గోదావరి జిల్లాల తిండి గురించి పొరుగు జిల్లావారు అంటే ఏమిటి అని మేము బల్లమీద రాసుకుంటూ పోయాము. మాటలు మారలేదు, చెప్పే మనిషీ వినే మనిషీ మారినప్పుడల్లా ఉద్దేశం మారింది. ‘ఎవరు’, ‘ఎవరికోసం’ అన్న ప్రశ్నలు ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు ముందు ఎందుకు ఉన్నాయో పిల్లలకు ఈ కార్డుతో తెలిసింది.

ఇంత మంచి కార్డులు తయారుచేసినవారు ఆ మూడు తొట్లను ఎందుకు పట్టుకుని వేలాడారో నాకు అర్థం కాలేదు. ఈ మూడు విభాగాలు అమెరికా ప్రాథమిక పాఠశాలలలో బాగా వాడుకలో ఉన్నవి. అక్కడ చిన్న పిల్లలకు గుర్తుండడానికి మూడింటి ఆంగ్ల పేర్ల మొదటి అక్షరాలను కలిపి ‘పై’ (PIE) అన్న తినుబండారం పేరుతో చెబుతారు. ప్రారంభానికి అది పనికివచ్చే పద్ధతే. కాని అక్కడి ప్రమాణాలు సైతం పిల్లలను అంతటితో ఆపమనలేదు. 2010లో వెలువడిన కామన్ కోర్ ప్రమాణాలు రెండో తరగతిలో రచన ముఖ్యోద్దేశాన్ని గుర్తించమంటూ, రచయిత ఏ ప్రశ్నకు జవాబివ్వదలచాడో, దేనిని వివరించదలచాడో, దేనిని వర్ణించదలచాడో చెప్పమంటాయి. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ ఉద్దేశం రచనలో ఏ విధంగా వ్యక్తమైందో వివరించమంటాయి. అంటే ఒక పేరు తగిలించడంతో ఆ పని ముగియదని వారూ ఎరుగుదురు. మనం తెచ్చుకునేటప్పుడు మాత్రం సులభమైన మూడు పేర్లనే తెచ్చుకుని, వాటికి రంగులు వేశాము.

దీనివల్ల వచ్చే చిక్కు ఉత్తరం కార్డు దగ్గర స్పష్టంగా కనబడింది. గల్ఫ్‌లో పనిచేస్తున్న తండ్రికి ఒక పిల్లవాడు రాసిన ఉత్తరం అది. ఆవు ఈనిన సంగతి, చెల్లెలికి జ్వరం తగ్గిన సంగతి, తాతయ్య కొబ్బరి దింపు డబ్బులతో చూరు బాగుచేయించిన సంగతి, తనకు లెక్కలలో వచ్చిన మార్కులు వరుసగా చెప్పి, చివరకు పండుగకు వస్తారా అని అడుగుతాడు. మా తరగతిలో సగం ఇళ్లకు ఇటువంటి ఉత్తరాలో, ఇప్పుడైతే ఫోనులో వాయిస్ మెసేజిలో తెలిసినవే. ఈ ఉత్తరాన్ని ఏ తొట్టిలో వేయాలి? జవాబుల పుస్తకం ‘తెలియజేయడానికి’ అని ఒక్క ముక్కలో తేల్చింది. తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఒక పిల్ల ఆ జవాబును ఒప్పుకోలేదు. సంగతులన్నీ అమ్మ ఫోనులో ముందే చెప్పి ఉంటుంది కదా అండి, మరి మళ్లీ ఎందుకు రాశాడని ఆమె ప్రశ్న. మంచి మార్కుల సంగతి, చూరు సంగతి కూడా రమ్మని చెప్పడానికే రాశాడని ఆమె వాదన. ‘వస్తారా’ అన్న మాట కింద ఆమె గీత గీసింది కూడా. నాలుగో ప్రశ్న ప్రకారం ఆమె జవాబుకు ఆధారం ఉంది, జవాబుల పుస్తకం ప్రకారం ఆమె జవాబు తప్పు. ఇటువంటి సందర్భంలో ఉపాధ్యాయుడు పుస్తకం పక్షాన నిలబడితే, ఆ పిల్ల ఇకపై గీత గీయడం మాని జవాబు ఊహించడం మొదలుపెడుతుంది.

అరవై కార్డులకు అరవై ఏకపద సమాధానాలు ఇవ్వడం ఈ పెట్టెలోని పెద్ద లోపం. కోరింగ మడ అడవుల కార్డు అన్ని విధాలా సమాచార వ్యాసంలా సాగి, మడ చెట్లు నరికితే తుపాను గాలులకు అడ్డు ఎవరని అడిగి ముగుస్తుంది. దానికి జవాబు ‘తెలియజేయడానికి’. కోటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కేవారికి పెట్టిన సూచనకు జవాబు ‘ఒప్పించడానికి’. పంటు వేళలు దానిలో ఉన్నాయన్న సంగతి జవాబు రాసినవారు గమనించినట్టు లేదు. ఒక ప్రైవేటు పాఠశాల ప్రవేశాల కరపత్రానికి మాత్రం జవాబు అందరూ ఒప్పుకునేదే. అన్నింటిలో పిల్లలకు తక్కువ ఆసక్తి కలిగించిన కార్డు కూడా అదే, ఎందుకంటే దానిలో కనిపెట్టవలసినది ఏమీ లేదు.

నేను చేసుకున్న మార్పు చిన్నది. జవాబుల పుస్తకాన్ని బీరువాలో పెట్టాను. తొట్లను మొదటి కొద్ది వారాల తరువాత తీసేసి, వాటి బదులు ప్రతి కార్డుకూ ఐదో ప్రశ్న ఒకటి చేర్చాను: ఇది చదివాక మనం ఏం చేయాలని, ఏమనుకోవాలని రాసినవారు కోరుకుంటున్నారు? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాదు కనుక పిల్లలు వాక్యం చెప్పవలసి వస్తుంది. ఆ వాక్యంలో అవసరమైతే రెండు ఉద్దేశాలు పక్కపక్కన ఇముడుతాయి. అమెరికాలో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్ అనే పరిశోధకులు రూపొందించిన ఒక బోధనా పద్ధతి కూడా దీనికి దగ్గరదే. పుస్తకంలోని మాట దేవవాక్కు కాదని, పొరపాటు పడగల ఒక మనిషి రాసినదని పిల్లలకు ముందే చెప్పి, ఆయన ఇక్కడ ఏం చెప్పదలచుకున్నాడు, సరిగ్గా చెప్పగలిగాడా అని అడుగుతూ చదివించడం ఆ పద్ధతి. కరదీపికలో దీని ప్రస్తావన ఉంటే బాగుండేది. సరిగ్గా చెప్పగలిగాడా అన్న ప్రశ్న మన పిల్లలకు ఎవరూ వేయరు. వేసి చూస్తే, పెట్టెలోని కార్డులలోనే రెండింటిని బాగా రాయలేదని మా వాళ్లు తీర్పు చెప్పారు, ఆ తీర్పుతో నేనూ ఏకీభవిస్తున్నాను.

కరదీపిక గురించి మరొక మాట. మూడు విభాగాలను పరిచయం చేస్తూ, రచయిత ప్రయోజనం గురించి ఆలోచించడం కొత్త విద్య అన్నట్టు రాశారు. మన అలంకారశాస్త్రంలో కావ్య ప్రయోజనం మొదటి అధ్యాయపు విషయం. ‘కావ్యప్రకాశం’ రాసిన సంస్కృత లాక్షణికుడు మమ్మటుడు కీర్తి, ధనం, లోకవ్యవహార జ్ఞానం, అమంగళ నివారణ, తక్షణమే కలిగే పరమానందం, కాంతలా చేసే హితోపదేశం అని ఆరు ప్రయోజనాలు లెక్కపెట్టాడు. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుందనీ, పురాణం మిత్రుడిలా నచ్చజెబుతుందనీ, కావ్యం కాంతలా మనసు కరిగించి ఒప్పిస్తుందనీ చేసిన విభాగం తెలుగు పండితులు తరతరాలుగా చెబుతున్నదే. ఇది పదేళ్ల పిల్లలకు పెద్ద మాటలలో చెప్పనక్కరలేదు. వరద హెచ్చరిక అధికారిలా మాట్లాడుతోందా, సలహాపత్రం స్నేహితుడిలా మాట్లాడుతోందా, కథ బుజ్జగించి చెబుతోందా అని అడిగితే వారు వెంటనే అందుకున్నారు. ఒకే ఉద్దేశాన్ని ఏ గొంతుతో చెబుతున్నారన్న విషయం మూడు తొట్ల పద్ధతిలో ఎక్కడా రాదు, ఈ పాత విభాగంలో మాత్రం మొదటే వస్తుంది. కరదీపిక రెండో ముద్రణలో ఒక పేజీ దీనికి కేటాయిస్తే ఉపాధ్యాయులకు ఎంతో ఉపయోగం.

నవ్విస్తూ ఒప్పించే రచనలు పెట్టెలో దాదాపు లేకపోవడం కూడా లోటే. కథలన్నీ ‘ఆనందింపజేయడానికి’ అన్న తొట్టి కోసమే రాసినట్టు సాదాగా ఉన్నాయి. 1874లో వివేకవర్ధిని పత్రిక ప్రారంభించి, దురాచారాల మీద నవ్వు పుట్టించే ప్రహసనాలు రాసి జనం మనసు మార్చబూనిన కందుకూరి వీరేశలింగం గారి ఊరిలో అమ్ముడవుతున్న పెట్టెలో, నవ్వు వెనుక వేరే ఉద్దేశం ఉండగలదని చూపే కార్డు ఒక్కటైనా ఉండవలసింది. ఈ లోటును నేను పత్రికలలో వచ్చే కార్టూన్లు కత్తిరించి అట్టకు అంటించి కొంతవరకు పూడ్చుకున్నాను. కథ నీతి వేరు, కథకుడి ఉద్దేశం వేరు అన్న విషయం కూడా ఆ కార్టూన్లతోనే తేలికగా తెలిసింది. పెట్టెలోని నీతికథలతో ఆ రెండూ కలిసిపోయి పిల్లలు తికమకపడ్డారు.

తయారీ విషయానికి వస్తే, అట్ట మందంగా ఉంది, మీద ప్లాస్టిక్ పొర ఉంది, మార్కరు గీతలు తడిగుడ్డతో పోతాయి. వానాకాలంలో మా ప్రాంతపు చెమ్మకు మూలలు కొద్దిగా పైకి లేచాయి గాని కార్డులు పాడుకాలేదు. అట్ట తొట్లు మాత్రం మొదటి నెలలోనే వంగిపోయాయి. నేను వాటిని ఎలాగూ మానేశాను కనుక బాధ కలగలేదు. మార్కర్లు త్వరగా ఎండిపోతాయి, బజారులో దొరికే మామూలువి పనిచేస్తాయి. అక్షరాల పరిమాణం ఒంటరిగా చదివే పిల్లవాడికి సరిపోతుంది గాని, నలుగురు పిల్లలు ఒక కార్డు చుట్టూ కూర్చుంటే ఎదురుగా కూర్చున్నవాడు తలకిందులుగా చదవలేక సతమతమవుతాడు. జట్టు పని కోసమే తయారైన సామగ్రిలో ఈ విషయం ఆలోచించవలసింది.

కార్డుల భాష చాలావరకు తేట తెలుగు. ప్రశ్నల భాషలో మాత్రం అక్కడక్కడ బడి పుస్తకాల బిగువు ఉంది. ‘రచయిత యొక్క అభిమతమును నిర్ధారించుము’ అన్న వాక్యం ఒక కార్డు వెనుక చూసి, దానిని ఎందుకు రాశారని పిల్లలు నన్నే అడిగారు. పెట్టె పూర్తిగా తెలుగులోనే ఉంది. 2020-21 నుంచి మన రాష్ట్రంలో పిల్లలు ఎదురెదురు పేజీలలో తెలుగు, ఆంగ్లం ఉన్న పుస్తకాలు చదువుతున్నారు కనుక కొన్ని కార్డులైనా రెండు భాషలలో ఉండాలని ఒక సహోపాధ్యాయిని అన్నారు. నాకు ఆ అవసరం కనిపించలేదు. ఉద్దేశాన్ని పట్టుకోవడానికి పిల్లవాడు మాటల మధ్యనున్న గొంతును వినగలగాలి, అది మొదట ఇంటి భాషలోనే సాధ్యమవుతుంది. ఇక్కడ అలవాటైతే ఆంగ్ల పాఠంలో అదే ప్రశ్న తమంతట తామే వేసుకుంటారు.

ఎవరు కొనవచ్చునంటే, నాలుగు నుంచి ఆరు తరగతుల వరకు చెప్పేవారు నిస్సందేహంగా కొనవచ్చు. ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో ఒక తరగతికి లెక్కలు చెబుతూ మరొక తరగతికి ఈ కార్డులు ఇవ్వవచ్చునని పెట్టె వెనుక రాశారు గాని, అది కుదరదు. ఈ కార్డులు మాట్లాడించడానికి తయారైనవి, మౌనంగా పూర్తిచేయించడానికి కాదు. పక్కన పెద్దవారు లేకపోతే పిల్లలు తొందరగా తొట్లు నింపేసి ఆటకు పోతారు. మూడో తరగతి పిల్లలకు సగం కార్డులు పనికివస్తాయి, ఒకటి రెండు తరగతులకు కొనవద్దు. ఇంట్లో ఒక్క బిడ్డ కోసం 450 రూపాయలు పెట్టనక్కరలేదని నా అభిప్రాయం. వెనుకనున్న నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, ఇంటికి వచ్చే పత్రిక, కిరాణా పొట్లాలు, పెళ్లి శుభలేఖ, కరెంటు బిల్లు ముందు పెట్టుకుంటే ఆ పని జరుగుతుంది. బడికి మాత్రం జంట కార్డుల కోసమైనా ఉండవలసిన పెట్టె ఇది.

రెండో ముద్రణ వస్తున్నదని దుకాణదారు చెప్పారు. దానిలో ఒక్కో కార్డుకు ఒక్క మాట జవాబుకు బదులు, పిల్లలు చెప్పగల రెండు మూడు జవాబులు, వాటిలో ప్రతిదానికీ రచనలో ఉన్న ఆధారం ఇస్తే జవాబుల పుస్తకాన్ని బీరువాలోంచి తీస్తాను. జంట కార్డుల సంఖ్య పెంచి, వాటిని విడిగా తక్కువ ధరకు కూడా అమ్మితే, ఇప్పటికే పెట్టె కొన్నవారు మళ్లీ మొత్తం కొనవలసిన పని ఉండదు.